పుల్లన్న మోకాలి కట్టు

నూకరాజు కొట్టంలో పుల్లన్న ఉండేవాడు. ముసలి ఎద్దు. నాగలి వదిలి ఆరేళ్లయింది గానీ తిండి మాత్రం పొద్దంతా దున్నేవాడి తిండే. పొద్దున తొట్టెడు కుడితి, సాయంత్రం తట్టెడు తవుడు, మధ్యలో నోరు ఊరుకోదు కాబట్టి గడ్డి. లేవబోతే మోకాళ్లు కటకటమనేవి. ఓ రోజు కొట్టం నేలను తిట్టేవాడు, ఓ రోజు తూర్పుగాలిని, ఏదీ దొరక్కపోతే మోకాళ్లనే.

ఓ రోజు నూకరాజు పెళ్లాంతో అన్నాడు, "కోతలయ్యేలోగా ఇది తనంతట తాను లేవకపోతే సంతకు తోలేద్దాం."

పుల్లన్నకు భయంతో ముద్ద గొంతు దిగలేదు. రెండో ముద్ద దిగిందనుకోండి.

కొట్టంలోనే ఉండే మేక బుచ్చికి ఆ తవుడు మీద ఎప్పట్నుంచో కన్ను. ఏదో ఆకు తెచ్చి అతని మోకాలికి తీగతో కట్టింది.

"మావయ్యా, రెండు పూటలా కాలవ దాకా నడిచి దీన్ని తడుపుకోవాలి. పత్యం కూడా ఉంది. కుడితీ, తవుడూ సగమే."

"మిగతా సగం?"

"పారేస్తే మందు పనిచెయ్యదు. నేనే ఎలాగో తింటాలే, నీకోసం."

"నీకెంత కష్టం తల్లీ," అన్నాడు పుల్లన్న. కళ్లు చెమర్చాయి కూడా.

మొదటి రోజు కాలవకు వెళ్లి రావడానికి పూటంతా పట్టింది. నెల తిరిగేసరికి దారిలో రెండుసార్లే ఆగాడు. కోతలయ్యే నాటికి ఒళ్లు తగ్గి, ఎవరూ తోక మెలిపెట్టకుండానే లేచి నిలబడ్డాడు. నూకరాజు మళ్లీ సంత మాటెత్తలేదు.

"అంతా ఆకు మహిమ," అని పుల్లన్న కోళ్లకు చెప్పుకుంటున్నాడు.

"ఏ ఆకు?" అంది ఓ కోడి. "అది ఊడిపోయి పది రోజులైందిగా."

పుల్లన్న కిందికి చూసుకున్నాడు. ఇదివరకు గంగడోలు అడ్డమొచ్చి మోకాలే కనిపించేది కాదు.

"ఆరేళ్లు వీటిని తిట్టానే. పాపం, ఇవి మోస్తున్నది నన్నేనని తట్టలేదు," అన్నాడు. సిగ్గేసింది. తర్వాత తన మీద తనకే చాలాసేపు నవ్వొచ్చింది.

ఆ సాయంత్రం బుచ్చి కుంటుకుంటూ వచ్చింది. గుమ్మడికాయలా ఉంది. కందిచేను కంచె దూకబోయి చతికిలబడిందట.

"మావయ్యా, మోకాళ్లు సలుపుతున్నాయి. ఆ ఆకు ఇంకా ఉందా?"

"ఆకెందుకులే. పత్యం చాలు," అంటూ పుల్లన్న ఆమెకని మిగిల్చిన తవుడు తట్టను మూతితో లాగాడు. తనే తినబోయి, మోకాళ్లు గుర్తొచ్చి ఆగి, కోళ్ల వైపు తోశాడు. "వీళ్లే ఎలాగో తింటారులే అమ్మా, నీకోసం."

నీతి: నొప్పిని తిట్టుకునే ముందు తొట్టి కేసి ఓసారి చూసుకోవాలి.