రాజమాత తోడు

ఆషాఢ బహుళ తదియ, బుధవారం, జాము పొద్దెక్కిన వేళ కోట వంటింట్లో పిల్లి పెరుగుకుండ దొర్లించేసింది. రాజుగారు వంటింటికి పరుగున వచ్చారు. కన్నుమూసిన రాజమాత తన చేత్తో వేసిన తోడే రోజూ సాగుతూ వస్తోంది మరి. అన్నంలో ఆ పెరుగు కలిస్తే, అమ్మ పక్కన కూర్చున్నట్టే ఉండేది ఆయనకు.

"బెంగపడకండి ప్రభూ! ఇలాంటి రోజుకనే కాస్త తోడు ఖజానాలో దాచాను," అంటూ దివాను వెండిభరిణె తెరిచాడు. లోపలంతా బూజు.

పాలు పోసే గురవమ్మ పెరుగుముంతతో వచ్చింది. "రాజమాత అమ్మగారు నాకిచ్చిన చెంచాడు తోడు మా ఇంట్లో ఇంకా సాగుతోందయ్యా."

"కోట సొత్తు కాజేశావా?" దివాను ఉరిమాడు.

"అయితే ఆ చెంచాడూ ఏరుకోండి బాబయ్యా. మిగతాది నా గేదె పాలు, నాకిచ్చెయ్యండి."

దివాను ముంతలోకి తొంగిచూశాడు. రాజుగారు ఆ ముంత అందుకుని, అన్నంలో పెరుగు కలిపి ఒక్క ముద్ద తిని కళ్ళొత్తుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కోటలో గోరువెచ్చని పాలు మట్టికుండలో గురవమ్మ తెచ్చిన పెరుగుతో తోడుపెట్టి, మిగిలిన తోడు ఇంటింటికీ చెంచాడు చొప్పున పంచారు, ముందుగా దివాను గారింటికి.