తలుపు మీద పటం

డిగ్రీ పట్టాకు పటం కట్టిస్తే ఎక్కడ తగిలించాలర్రా? అందరూ ఒకేసారి అరవకండి. హాల్లో టీవీ పైన అంటావా, సుధన్వా? సరే, విను.

ఉదయగిరి దగ్గర ఒక సూఫీ గురువు ఉండేవారు. అందరూ పీర్ సాబ్ అని పిలిచేవారు. మౌలాలి అనే యువకుడు శిష్యుడిగా చేర్చుకోమని వస్తే, "ముందు బి.ఏ. పూర్తి చేసి రా" అని పంపేశారు.

పూర్తి చేశాడు. సరిగ్గా పాఠం మొదలయ్యే రోజుకే వచ్చాడు. ఆ రోజు గదిలో కూర్చోనివాళ్ళు మళ్ళీ ఏడాది దాకా ఆగాల్సిందే, అదీ అక్కడి పద్ధతి. వచ్చినవాడు ఊరికే వచ్చాడా? పట్టాకు అద్దాల పటం కట్టించి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"పీర్ సాబ్, ఇది ఎక్కడ తగిలించమంటారు?"

"తర్వాత చూద్దాం. కాళ్ళు కడుక్కో."

కడుక్కున్నాడు. "ఈ గోడకైతే వెలుతురు బాగా పడుతుంది పీర్ సాబ్."

"అన్నం తిను."

తిన్నాడు. "పోనీ కిటికీ పక్కనైతే? వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడుతుంది."

ఆయన ఓపిక మాత్రం ఎంతసేపు ఉంటుంది? పటం లాక్కుని, పాఠం చెప్పే గది తలుపుకు బయటివైపున్న మేకుకు తగిలించారు. లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నారు.

మౌలాలి మురిసిపోయాడు. అంతలో చూస్తే పటం ఇంకా ఊగుతోంది. అది బిగుసుకుపోయిన పాత తలుపు, భుజంతో గట్టిగా తోస్తే గానీ తెరుచుకోదు. తోస్తే పటం కిందపడుతుంది.

మిగతా శిష్యులు వచ్చేసరికి చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆగండి భాయ్! అద్దం పగులుతుంది!"

"పాఠానికి వేళయిందయ్యా, జరుగు!"

"వంటింట్లోంచి వెళ్ళండి."

"మరి నువ్వో?"

"నేనూ వచ్చేస్తే ఇంకెవరో వచ్చి తోస్తారు."

వాళ్ళు తలలు కొట్టుకుంటూ వెనకవైపు నుంచి వెళ్ళారు. లోపల అందరూ సర్దుకుని కూర్చున్న అలికిడి వినిపించింది.

"మౌలాలీ, వస్తున్నావా, మొదలుపెట్టేయమంటావా?"

"తలుపు తోస్తే పటం పడిపోతుంది పీర్ సాబ్!"

లోపలి నుంచే పీర్ సాబ్ అడిగారు.

"ఆ తలుపు పెట్టించింది పటం తగిలించుకోవడానికనుకున్నావటయ్యా?"

మౌలాలి పటం తీసి, గోడకు ఆనించి కింద పెట్టాడు. భుజం ఆనించి తలుపు తోశాడు.

"అంటే ఏమిటి నానమ్మా?"

అదీ నేనే చెప్తే మీరేం ఆలోచిస్తారర్రా? కూర్చుని ఆలోచించండి. దుప్పట్లు సబ్బు పెట్టి వదిలేసి వచ్చాను, వెళ్ళి జాడించుకోవాలి.