కనుమ కింద పీరన్న, రెండో గేరు గోల

అనగా అనగా ఒక కనుమ. కనుమ కింద ఒక షెడ్డు. షెడ్డులో ఒక గుంత. గుంతలో ఒక మనిషి. పేరు ఖాసింపీరా. దూదేకులోళ్ల బిడ్డ, గుంతలో దిగి పైన నిలిపిన బండ్లు బాగుచేసే మనిషి. డ్రైవర్లందరికీ పీరన్న.

ఎప్పటి మాట అంటారా? లారీల ముక్కులు ముందుకు పొడుచుకొచ్చి ఉండే కాలం మాట. హారన్ కొట్టాలంటే రబ్బరు బుడ్డి పిసికే కాలం మాట. కనుమ ఎక్కే బస్సు సగంలో ఆగి నీళ్లు తాగేది. దానితోపాటు జనమూ దిగి నీళ్లు తాగేవాళ్లు, ఒకరి ఊరి సంగతులు ఒకరు అడిగి తెలుసుకునేవాళ్లు. అబ్బ, ఎంత తీరికగా ఉండేదండీ లోకం!

పీరన్న ఆస్తంతా ఆయన చెవులే. బండి ఇంకా పై మలుపులో ఉండగానే గుంతలోంచి అరిచేవాడు.

"హుసేనీ, నంద్యాల లారీ దిగుతాంది. టీ నీళ్లు పెట్టు. సైలెన్సరు ఊడేట్టుంది, చక్కెర ఎక్కువెయ్యి, డ్రైవరు చిరాకులో ఉంటాడు!"

హుసేనమ్మ ఆయన భార్య. షెడ్డు పక్కనే టీ బంక ఆమెది. నవ్వుకుంటా నీళ్లు పెట్టేది. లారీ వచ్చేది. పీరన్న వినేవాడు. తల ఊపేవాడు. ఆ తర్వాతే పానా పట్టేవాడు. ఏ బండికైనా అంతే. వినేవాడు, తల ఊపేవాడు, పానా పట్టేవాడు.

అట్లాంటి చెవులు పోయినాయి. ఒక్కసారిగా పోలేదు. పిచ్చుక ఒక్కో గింజా ఎత్తుకుపోయినట్టు పోయినాయి. ముందు కీచురాళ్లు పోయినాయి. "ఈ ఏడు కీచురాళ్లు లేవేమబ్బా?" అన్నాడు పీరన్న. తర్వాత గ్లాసులో చెంచా పోయింది. "చక్కెర కలపడం మానేసినావేమే?" అన్నాడు. ఆ తర్వాత ఒకరోజు భార్య అన్నం వడ్డిస్తుంటే అడిగాడు.

"గాజులు తీసేసినావా హుసేనీ?"

"నీ నోట్లో మన్ను పడ! నువ్వు రాయిలాగా కూర్చోనుంటే నేను గాజులెందుకు తీస్తా?"

పీరన్న ఆమె చేతి వైపు చూశాడు. నిండుగా గాజులు. ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. చప్పుడు లేదు. అప్పుడు తెలిసింది ఆయనకు.

ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెప్తాడు? చెవి పోయిన మెకానిక్కు దగ్గరికి బండి ఎవరు తెస్తారు? ఆ గుంత తప్ప ఆయనకు వేరే లోకం లేదు. పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. నలుగురు నవ్వితే తనూ నవ్వేవాడు. హుసేనమ్మకు కూడా అనుమానం రాలేదు. పిలిస్తే పలకని మొగుడు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు కదండీ.

ఇట్లా ఉండగా ఓబులేసు కారు గేరుబాక్సు అరిగిపోయింది.

కనుమ అవతలి ఊళ్లకంతా ఒకటే కారు, ఓబులేసుది. గున్న ఏనుగంత ఉండేది. పురిటికి పోయేవాళ్లు, జబ్బు చేసినవాళ్లు, అత్తారింటికి పోయే పెళ్లికూతుళ్లు, అందరూ దాన్లోనే కనుమ దిగాలి. ఓబులేసు మంచివాడే గానీ మాట పొదుపు. అన్నం బాగుందా అంటే ఖాళీ కంచం చూపించేవాడు.

పీరన్న గేరుబాక్సు దించాడు. ప్రతి పన్నూ కిరసనాయిలుతో కడిగాడు. బేరింగులు కొత్తవి వేశాడు. ఇక రింగులు. గేరుకూ గేరుకూ మధ్య ఇత్తడి రింగు ఒకటి ఉంటుంది. పెళ్లిచూపుల్లో మధ్యవర్తి లాంటిది. ఒకరి జోరు తగ్గించి, ఇంకొకరి బెట్టు సర్ది, ఇద్దరినీ కలుపుతుంది. అది సరిగా లేకపోతే పళ్లూ పళ్లూ కొరుక్కుంటాయి. ఆ రోజుల్లో కొత్త రింగులు దొరికేవి కావు. పాతవాటిలో మంచివి ఏరుకోవడమే. పీరన్న రింగును వేలికి తగిలించుకొని స్క్రూడ్రైవరుతో చిన్నగా కొట్టేవాడు. ణంగ్ అంటే మంచిది. టప్ అంటే పగులుంది. అది ఆయన పద్ధతి.

ఆ రోజూ అట్లాగే కొట్టాడు. తల ఊపాడు. బిగించాడు.

కారు పోయింది, తిరిగొచ్చింది.

"గేరు బాగలేదన్నా," అన్నాడు ఓబులేసు.

పీరన్న కారెక్కి ఓబులేసు పక్కన కూర్చున్నాడు. కారు కదిలింది. రెండో గేరు వేయగానే అది పెట్టిన కేకకు టీ తాగేవాళ్లంతా తిరిగి చూశారు. పీరన్న తల ఊపాడు. "ఏమీ లేదబ్బీ. కొత్త బేరింగులు గదా, కాస్త తిరిగితే సర్దుకుంటాది," అన్నాడు.

మళ్లీ వచ్చింది. "గేరు బాగలేదన్నా." పీరన్న నూనె మార్చాడు, తల ఊపాడు.

మళ్లీ వచ్చింది. "గేరు బాగలేదన్నా." పీరన్న క్లచ్చు సరిచేశాడు, తల ఊపాడు.

టీ బంక దగ్గర గుసగుసలు మొదలైనాయి. "ఇంత గోల చేస్తాంటే ఏమీ లేదంటాడేంది? ఓబులేసంటే లెక్కలేదా పీరన్నకు?" ఓబులేసు మనసు చివుక్కుమంది. నోరు మాత్రం విప్పలేదు.

ఒకనాడు మూలుగుతున్న ముసలమ్మను ఆస్పత్రికి తెస్తున్నాడు. పెద్ద మలుపు. దిగుడు. మూడు నుంచి రెండుకు మార్చబోయాడు. గేరు కేకపెట్టింది గానీ పడలేదు. మూడులోంచి ఊడింది, రెండులోకి పోలేదు. కారు పగ్గం తెగిన గిత్త లాగా పరిగెత్తింది. బ్రేకు తొక్కితే ఆగేంత చిన్న జోరు కాదది. ఒకపక్క లోయ, ఒకపక్క కొండ. ఓబులేసు కారును కొండకేసి రాసి, రోడ్డుకోసం పోసిన కంకర కుప్పలోకి దూర్చాడు. ఆగింది.

వెనక సీట్లోంచి ముసలమ్మ అడిగింది. "ఆస్పత్రి వచ్చిందా నాయనా?"

ఆమెను వెనకొచ్చిన లారీ ఎక్కించి, ఓబులేసు నడుచుకుంటా కనుమ దిగాడు. షెడ్డుకొచ్చేసరికి పీరన్న గుంతలో అటు తిరిగి ఏదో బిగిస్తున్నాడు. ఓబులేసు పుట్టినప్పటినుంచి దాచుకున్న మాటలన్నీ ఆ రోజు బయటికొచ్చినాయి.

"మనిషి ప్రాణాలంటే నీకు ఆటగా ఉందా పీరన్నా? మూడుసార్లు వస్తే మూడుసార్లూ తల ఊపి పంపిస్తివి. ముసలమ్మ పోయుంటే ఎవరు జవాబు చెప్పాల? నా పిల్లోళ్లకు ఎవరు దిక్కు?"

పీరన్న తిరగలేదు. బిగిస్తానే ఉన్నాడు.

"అంత పొగరా నీకు!" అని ఓబులేసు బోల్టుల డబ్బాను ఒక్క తన్ను తన్నాడు. బోల్టులన్నీ గలగలా దొర్లినాయి. బంక దగ్గర జనం లేచి నిలబడ్డారు. పీరన్న తిరగలేదు. దొర్లుకుంటా వచ్చిన బోల్టు ఒకటి గుంతలో పడి కాలికి తగిలితే, అప్పుడు తిరిగాడు. ఓబులేసును చూసి నవ్వాడు.

"ఎప్పుడొచ్చినావబ్బీ? టీ తాగినావా?"

ఓబులేసు నోరు అట్లాగే ఉండిపోయింది. హుసేనమ్మ గ్లాసు బల్ల మీద పెట్టేసి ముందుకొచ్చింది. ఆ మొహాలు చూసి పీరన్నకు అంతా తెలిసిపోయింది. గుంత ఎక్కి వచ్చాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఎవరికన్నా దెబ్బ తగిలిందా?" అని ఓబులేసు పెదవుల వైపు చూశాడు. లేదని తల అడ్డంగా ఊపాడు ఓబులేసు.

"నాకు చెవుల్లేవబ్బీ. పోయి చాన్నాళ్లయింది. చెప్తే ఈ గుంతలోంచి లేపేస్తారని చెప్పలేదు. ఇంక చాలు. షెడ్డుకు తాళం వెయ్యి హుసేనీ."

హుసేనమ్మ కళ్లు తుడుచుకుంది. "తాళమా? దీనికి తలుపు ఎప్పుడు పెట్టినావని వెయ్యాల?" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఓబులేసు దొర్లిన బోల్టులు ఏరి డబ్బాలో వేశాడు. ఆ తర్వాత స్టూలు జరుపుకొని పీరన్న ఎదురుగా కూర్చున్నాడు.

"చెవులు నాకున్నాయిలేన్నా. చేతులు నీకున్నాయి. అడుగు, చెప్తా."

"ఏం చెప్తావు నువ్వు? మూడుసార్లు వచ్చి బాగలేదని తప్ప ఏం చెప్పినావు?"

ఈసారి అందరూ నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు.

"నిలబడిన కారుకు రివర్సు ఎట్ల పడతాది?"

"వెన్నలో వేలు పెట్టినట్టు."

"అయితే క్లచ్చుది తప్పు కాదు. దాన్ని ఊరికే తిప్పినా. ఒకటి నుంచి రెండుకు?"

"కిర్."

"మూడు నుంచి రెండుకు దిగేటప్పుడు?"

ఓబులేసు లేచాడు. తలకు తువ్వాలు చుట్టాడు. కళ్లు మూసుకున్నాడు. "గర్ర్ర్ర్ర్ర్... గర్ర్ర్ర్... కటక్!" బల్ల కింద కుక్క లేచి రోడ్డు దాటి పారిపోయింది. పీరన్న తన అరచెయ్యి ఓబులేసు గుండె మీద పెట్టాడు. "ఇంకోసారి." గర్ర్ర్ర్ర్! "ఇంకోసారి." గర్ర్ర్ర్ర్!

పీరన్న విన్నాడు. అరచేత్తో విన్నాడు. తల ఊపాడు.

"రెండో గేరు రింగు," అన్నాడు.

కారును లాక్కొచ్చారు. మళ్లీ గేరుబాక్సు దిగింది. పీరన్న రింగును వేలికి తగిలించుకున్నాడు. స్క్రూడ్రైవరు మాత్రం ఓబులేసు చేతికిచ్చాడు. ఒక రింగు ణంగ్ అంది. ఇంకో రింగు ణంగ్ అంది. రెండో గేరు రింగు టప్ అంది. ఓబులేసు మొహం చూసి పీరన్న దాన్ని ఎండకు పెట్టాడు. వెంట్రుకంత పగులు.

"నేను కొట్టినప్పుడు ఇది ణంగ్ అనిందబ్బీ. అల్లాతోడు, అనింది."

"పాత చప్పుడేదో లోపల మోగింటాదిలేన్నా," అన్నాడు ఓబులేసు.

వేరే రింగు వేసి, ఇద్దరూ కనుమ ఎక్కి దిగారు. గేరు రాడ్డు మీద ఓబులేసు చెయ్యి, ఆ చెయ్యి మీద పీరన్న చెయ్యి. పెద్ద మలుపులో రెండో గేరు పడింది. చప్పుడు లేదు. ఆ రోజు పీరన్నకు వినపడనట్టే ఓబులేసుకూ ఏమీ వినపడలేదు.

ఇంక బండ్లు రావేమోనని కదా పీరన్న భయం? ఎక్కువైనాయండీ! చెవులు పోయిన మెకానిక్కు ముందు కూర్చొని బండి చప్పుడు చేసి చూపించాలంటే ఎవరికి సరదా ఉండదు? ఇంతింత మీసాలున్న లారీ డ్రైవర్లు కుయ్ కుయ్ మని కూసేవాళ్లు. ఒకాయన ఇంజను దగ్గు నటించి నిజంగానే దగ్గుతో మంచాన పడ్డాడు. బండి బాగున్నా ఊరికే వచ్చి ఒక అరుపు అరిచి, టీ తాగి పోయేవాళ్లూ ఉన్నారు. పీరన్న ప్రతివాడి గుండె మీదా అరచెయ్యి పెట్టేవాడు. కొందరు బండి సంగతితో మొదలుపెట్టి ఇంటి సంగతిలోకి పోయేవాళ్లు. అదీ అట్లాగే వినేవాడు.

పీరన్న పోయాడు. హుసేనమ్మా పోయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు పోయింది, గుంత పూడిపోయింది. ఇప్పటి కార్లకు ఏం జబ్బు చేసిందో అవే తెరమీద రాసి చూపిస్తాయంట.

అయినా కనుమ కింద ఈనాటికీ ఏ మెకానిక్కూ ముందే పానా పట్టడు. డ్రైవరు ఎదురుగా కూర్చొని నోటితో మూడుసార్లు చప్పుడు చేయాల్సిందే. కొత్తవాళ్లు సిగ్గుపడతారు. పక్కనున్నవాళ్లు, గట్టిగా, ఇంకా గట్టిగా, అంటారు.

ఇళ్లల్లోనూ అంతే. ఏ బిడ్డయినా గోడవైపు తిరిగి పడుకొని "ఏమీ లేదు" అని గొణిగితే, పెద్దవాళ్లు భుజం పట్టి ఇటు తిప్పుకుంటారు. గుండె మీద అరచెయ్యి పెడతారు. "పీరన్నకు చెప్పినట్టు చెప్పు" అంటారు. పీరన్న ఎవరో బిడ్డకు తెలీదు. కాసేపు ముక్కు ఎగబీలుస్తుంది. ఆ తర్వాత అంతా చెప్తుంది.