నల్లవేళ్ల మెట్ట

ఈ కథ జరిగేనాటికి సివలకు నలభై రెండేళ్లు. గట్టిగా చెప్పవలసిన మాట వస్తే కుడి అరచేతిని నేలకు ఆనించి చెప్పడం ఆమె అలవాటు. కృష్ణ ఒడ్డున ఈ మెట్ట మీద కొలువైన బుద్ధుడి సంగతి ఆమెతోనే మొదలుపెట్టాలి.

సున్నపురాతి విగ్రహమంతా తెల్లగా ఉంటుంది. నేలను తాకే కుడిచేతి వేళ్లు మాత్రం బొగ్గుమసితో నల్లబడి ఉంటాయి. ఇది భూస్పర్శ ముద్ర. బోధివృక్షం కింద కూర్చున్న సిద్ధార్థుణ్ణి "నీకు సాక్షి ఎవరు?" అని తపస్సు చెడగొట్టవచ్చిన మారుడు నిలదీస్తే, ఆయన చేత్తో భూమిని తాకి, ఆ భూమినే సాక్ష్యానికి పిలిచాడు.

పూర్వం ఇక్కడ భిక్షుణుల విహారం ఉండేది. దాని దిగువన సివల పొలం. ఆమె, భర్త కలిసి ముళ్లకంప నరికి సాగులోకి తెచ్చిన నేల. భర్త చనిపోయిన ఏడాదే మరిది నాగబోధి హద్దురాయిని పెకిలించి, సగం పొలం తన వైపు వచ్చేలా పాతాడు. సివలకూ ఆమె కూతురికీ ఆ పొలం తప్ప వేరే ఆధారం లేదు. ఆమె ఊరి పెద్దలను విహారం ముంగిటికి పిలిపించింది.

"రాయి జరిగిందంటున్నావు. చూసిన మగవాడెవరు?" అన్నారు పెద్దలు.

సివల కూర్చుని అరచేతిని నేలకు ఆనించింది. "ఈ నేల చూసింది."

"మా వదినకు అదో అలవాటులెండి. అన్నం ఉడికిందా అన్నా నేలనే అడుగుతుంది" అన్నాడు నాగబోధి. పెద్దలు నవ్వారు.

సివల విహారం గోడ మీద నేలను తాకుతున్న బుద్ధుడి బొమ్మను చూపించింది. "రోజూ దండం పెడతారే! ఆయన తాకితే సాక్ష్యం, నేను తాకితే అలవాటా?"

పెద్ద భిక్షుణి ఉత్తర లేచి, "ఆమె చెయ్యి ఎత్తేదాకా ఎవరూ నోరు విప్పకండి" అంది.

ఆ రోజుల్లో హద్దురాయి కింద బొగ్గులు, కుండపెంకులు పోసేవారు. అవి నేలలో కుళ్లవు, రాయి కదిలినా హద్దు ఎక్కడో చెబుతాయి. పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి పోయడం ఆడవాళ్ల పని. అందుకే నాగబోధికి అది గుర్తు రాలేదు.

"మరిదీ, రాయిని మోసుకుపోయావు. నేను పోసిన బొగ్గు అక్కడే ఉంది" అంది సివల.

ఆమె పొలంలోకి నడిచి చెయ్యి ఆనించిన చోట తవ్వారు. బొగ్గులు, పెంకులు బయటపడ్డాయి. నాగబోధి పాతిన రాయి కింద తవ్వితే ఉత్త మట్టి. రాయి పాత చోటికి చేరింది.

అప్పుడు విహారంలో చెక్కుతున్న విగ్రహానికి కుడిచెయ్యి ఇంకా తేలలేదు. అభయమిస్తూ పైకెత్తిన చెయ్యి చెక్కబోతున్న శిల్పితో ఉత్తర, "దించు నాయనా, నేలను తాకనీ" అంది. విగ్రహం పూర్తయ్యాక సివల ఆ గుంటలోని బొగ్గు తెచ్చి వేళ్లకు రాసింది.

నేటికీ అన్యాయం జరిగిన స్త్రీలు తమ పొయ్యిలోని బొగ్గు తెచ్చి ఆ వేళ్లకు రాస్తారు. తర్వాత నేలపై చెయ్యి ఆనించి తమ గోడు చెబుతారు. ఆ చెయ్యి లేచేదాకా తండ్రి అయినా, మొగుడైనా, సర్పంచి అయినా అడ్డురాకూడదు. ఇక్కడ ఒకసారి నోరు తెరిచిన మనిషికి మళ్లీ ఎక్కడా గొంతు వణకదని నమ్మకం.

పుణ్యం వస్తుంది, పొలాన్ని విహారానికి ఇచ్చెయ్యమని పెద్దలు తర్వాత సివలను చాలాసార్లు అడిగారు. ఆమె ఇవ్వలేదు. కూతురికి ఇచ్చింది.