పేరు బిగించే చోటు

ఏడుకొండలుకి ఉన్నది ఒకటే దిగులు. ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టిన ప్రతివాడూ దాని వెనక తలుపు మీద తన పేరు రాసుకుంటాడు. అతని గురువు నాగూర్ వలీ మేస్త్రి పేరైతే విజయవాడ నుంచి గౌహతి దాకా తిరుగుతోంది. ఏడుకొండలు పేరు మాత్రం ఇంకా ఏ బండీ ఎక్కలేదు.

లారీలు కట్టే ఆ మేస్త్రి షెడ్డుకి ఒక ఇటలీ స్పోర్ట్స్ కారు వచ్చింది. దానికి రెండే సీట్లు. యజమాని భీమవరం రొయ్యల ఆసామి. వెనక తన ఇద్దరు కూతుళ్లూ కూర్చోవాలన్నాడు, కారు మాత్రం ఇటలీలో అలాగే పుట్టినట్టుండాలన్నాడు. మేస్త్రి ఆ పని ఏడుకొండలుకి అప్పగించి, మళ్లీ ఆ వైపు రాలేదు.

ఏడుకొండలు కారుని పొడిగించడానికి కప్పును సరిగ్గా మధ్యలో కోశాడు. ఇసుక సంచి మీద రేకు పరిచి, కొయ్య సుత్తితో వంపులు తీశాడు. వేసవి వెళ్లి వానలొచ్చాయి. అతుకు కప్పిపుచ్చే పుట్టీ చిటికెడు కూడా పెట్టకుండా కొత్త కప్పును పాతదానికి అతికించి, రంగు వేశాడు. చూడ్డానికి ఆటోనగర్ అంతా కదిలొచ్చింది. ఏడుకొండలుకి కాళ్లు నేల మీద ఆనలేదు.

కారు వెళ్లిపోయే రోజున అతను తన పేరు చెక్కించిన ఇత్తడి బిళ్ల తెచ్చాడు. వెనక బిగించుకుంటానని అడిగాడు. మేస్త్రి కారు చుట్టూ తిరుగుతూనే ఉండేసరికి గొంతు పెంచాడు.

“లారీల మీద మీరు రాసుకోలేదా మేస్త్రి గారూ?”

మేస్త్రికి కోపం రాలేదు. భుజం మీది తువ్వాలు తీసి శిష్యుడి కళ్లకి గంతలు కట్టాడు. అతని చెయ్యి పట్టుకుని ముందు అద్దం పైన, కప్పు మొదట్లో ఆనించాడు.

“ఇటలీవాడి పని ఎక్కడ అయిపోయి నీ పని మొదలయిందో చూసుకో. అక్కడ బిగించు.”

తను కోసిన చోటు తనకి తెలియదా అనుకున్నాడు ఏడుకొండలు. అరచెయ్యి కప్పు మీదుగా జారింది. జారుతూనే ఉంది. చివరికి వేళ్లకి వెనక దీపం తగిలింది. నమ్మకం కుదరక మళ్లీ మొదటికొచ్చి ఈసారి గోటి కొసతో వెతికాడు. షెడ్డులో సుత్తులన్నీ ఆగిపోయి అందరూ చూస్తున్నారు.

“దొరకలేదు మేస్త్రి గారూ,” అన్నాడు.

మేస్త్రి గంతలు విప్పి తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు.

“నాకూ దొరకలేదురా. పొద్దుటి నుంచీ వెతుకుతున్నా.”