చినిగిన రేకులు

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ గట్టు పక్కన, వీరాయమ్మ అని పూతరేకులు తీసే ఆవిడ ఉండేదమ్మా. పొయ్యి మీద కుండ బోర్లించేది. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో తెల్లగుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఇలా పరిచి అలా లాగేసేది. కుండ మీద ఉల్లిపొరలాంటి రేకు మిగిలేది. "రేకంటే వీరాయమ్మదే" అనేవారు ఊళ్ళో. ఆ మాట వింటే ఆవిడకి కడుపు నిండిపోయేది.

అప్పుడు గోడవతలి ఇంట్లోకి సత్తెమ్మ అని ఒకావిడ కాపురానికొచ్చింది. ఆవిడా రేకులు తీసేదే. బాగా తీసేది కూడాను, అదే వచ్చిన తంటా.

ఆ తర్వాత మిల్లువారింట్లో పెళ్ళి కుదిరింది. ఎప్పుడూ రేకులన్నీ వీరాయమ్మకే చెప్పేవారు, ఈసారి సగం సత్తెమ్మకి చెప్పారు. వీరాయమ్మ పైకి సరేనంది గానీ లోపల భగ్గుమంది. పెళ్ళికి ఇంకా అయిదు రోజులుంది. తన సగం సరిగ్గా ఇవ్వకపోతే ఇరవై ఏళ్ళ పేరు కాలవలో కలిసిపోతుంది.

మొదటి రోజు కుండ ముందు కూర్చుంది. "నా చెయ్యి పడిపోయిందనే కదా సగం అటిచ్చారు" అనుకుంది. అలా అనుకుంటూ ఉండగా రేకు మాడిపోయింది.

రెండో రోజు గోడ మీంచి తొంగి చూసి, "ఏం వదినా, ఎన్నయ్యాయి?" అని పలకరించింది. సత్తెమ్మ తలెత్తలేదు. "అబ్బో, ఎంత పొగరు" అనుకుంటూ వచ్చి కూర్చుంది. ఆ రేకు అట్టులా మందంగా వచ్చింది.

మూడో రోజు గోడవతల నవ్వులు వినిపించాయి. "నన్ను చూసే నవ్వుతున్నారు" అనుకుంది. అప్పుడు రేకు చినిగింది, దాని తర్వాతదీ చినిగింది. ఆ పూట అన్నం సయించలేదు, రాత్రి కన్ను మూతపడలేదు. గోడవతల జరిగింది గోరంత, ఈవిడ అల్లుకున్నది కొండంత. అసూయకి అదొక పనమ్మా, కూర్చుని అల్లుతూనే ఉంటుంది.

చినిగిన రేకుల్లో బెల్లం చుట్టి కూతురు మంగకి పెట్టేది. మంగకి ఆ మూడు రోజులూ పండగే.

నాలుగో రోజు మంగ పొయ్యి పక్కన చేరి, "అమ్మా, గోడవతలికి ఓసారి చూడవే" అంది.

"ఎందుకే?"

"నువ్వటు చూసినప్పుడల్లా రేకు చినుగుతుంది. నాకు కావాలి."

వీరాయమ్మ చెయ్యి ఆగిపోయింది. మాడింది, మందంగా వచ్చింది, చినిగింది, ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మూడుసార్లూ మనిషి ఇక్కడే ఉంది, మనసు గోడ దూకింది. సత్తెమ్మ వచ్చి ఒక్క రేకూ చింపలేదు. వీరాయమ్మకి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఆ తర్వాత మళ్ళీ గుడ్డ ముంచింది. పాత మాట మళ్ళీ వచ్చింది, నీ చెయ్యి పడిపోయిందని. "వచ్చావా తల్లీ, ఆ మూల కూర్చో. ఇప్పుడు నా చేతిలో గుడ్డ ఉంది" అంది ఆ మాటతో, మనసులోనే. రేకు చక్కగా వచ్చింది. ఆ మాట ఊరుకోకుండా వస్తూనే ఉంది, ఈవిడ కూర్చోమంటూనే ఉంది. సాయంత్రానికి తన సగం అయిపోయింది.

అప్పుడు గోడ దగ్గరకెళ్ళింది. "మొన్న పిలిస్తే పలకలేదేం వదినా?"

"చేతిలో గుడ్డ ఉంటే నువ్వు మాత్రం పలుకుతావా వదినా?" అంది సత్తెమ్మ.

నిజమే కదా. గుడ్డ చేతిలో ఉంటే వీరాయమ్మ ఇరవై ఏళ్ళుగా కట్టుకున్న మొగుడికే బదులు చెప్పలేదు. నవ్వుల సంగతి కూడా అడుగుదామని నోటిదాకా వచ్చింది గానీ మింగేసింది.

పెళ్ళిలో అందరూ రేకులు మెచ్చుకున్నారు. ఏవి ఎవరివో ఎవరూ పోల్చలేదు. వీరాయమ్మకి కాస్త చురుక్కుమంది. మనిషే కదా మరి.

మర్నాడు మంగ పొయ్యి దగ్గర మూతి ముడుచుకుని కూర్చుంది. ఒక్క రేకూ చినగలేదు. అప్పుడు వీరాయమ్మ అన్నిటికన్నా మంచి రేకు తీసి, గోడవైపు చూడకుండా, తన చేత్తోనే చర్రున చింపి, బెల్లం చుట్టి కూతురి చేతిలో పెట్టింది.

కథేమో కంచికి,
చినిగిన రేకు మంగ నోటికి,
గోడవతలి గోల గోడకి,
మనమేమో ఇంటికి, నువ్వేమో నిద్దరకి.