నూకాలు పంపిన తొమ్మిది మంది

అనగనగా ఒక మెట్ట ఊరు. ఊరి చుట్టూ మనిషెత్తు ముళ్ళపొదలు. ఎక్కడ మిట్టో ఎక్కడ పల్లమో కాలు పెడితేగానీ తెలీదు. ఊఁ కొట్టండర్రా, గోడకి చెప్పట్లేదు నేను.

ఆ ఊరి కోడలు నూకాలు. పెళ్ళయి మూడు నెలలు కాలేదు, బావి ఎండింది. మొగుడు పైడయ్య మందని తోలుకుని ఏటి దిక్కు వెళ్ళిపోయాడు. ఊళ్ళో నీళ్ళు పడితేనే తిరిగి రావడం. నూకాలు రోజూ రెండు విస్తళ్ళు కుట్టేది. ఒకదాంట్లో తినేది, రెండోది మొగుడికని చూరులో దోపేది. గాలికి పొద కదిలినా గుమ్మంలోకి పరిగెత్తేది.

నీళ్ళు వెతకడానికి ఆ ఊరికో పద్ధతుంది. ఊరి నడిమధ్య బొడ్రాయికి పసుపు రాసి, అక్కణ్ణుంచి కాలు పల్లానికి ఎటు వాలితే అటు నడవాలి. ఇక దిగడానికి లేనిచోట తవ్వాలి. మొదటివాడు దిగాడు, గుంటలో ఆగాడు, తవ్వాడు, రాళ్ళే. రెండోవాడు దిగాడు, ఆ గుంటలోనే ఆగాడు, తవ్వాడు, రాళ్ళే. మూడోవాడూ అంతే. బయల్దేరే చోటు ఒకటే అయితే చేరే చోటు వేరే ఎలా అవుతుంది? మగమహారాజులకి ఆ మాట ఎవరు చెప్పాలి?

నూకాలు చెప్పింది. తలా ఒకచోట బయల్దేరమంది. ఊరిపెద్ద సరేనని, రాయి పడ్డచోట ఒకడు బయల్దేరాలని, కళ్ళు మూసుకుని పొదల్లోకి తొమ్మిది రాళ్ళు విసిరాడు. ఐదు ఒకేచోట కుప్పపడ్డాయి, తూర్పంతా బోసి.

అత్త సన్యాసమ్మ మూతి విరిచింది. “చాల్లేవే, నీ తెలివి చూశాం!”

“వడియాలు ఇలాగే పెడతామా అత్తా? గుడ్డంతా నిండాలి, ఒకదానికొకటి తగలకూడదు” అంది నూకాలు.

వడియాల దగ్గర సన్యాసమ్మతో వేళాకోళం కుదరదు. వంకరగా పెట్టిందని తోడికోడలితో ఏడేళ్ళు మాట్లాడలేదు ఆవిడ. తప్పేం లేదు, నేనైనా మాట్లాడను. సన్యాసమ్మే ముందు నడిచి, అడుగులు కొలిచి, పొలిమేర నిండా తొమ్మిది మందిని ఎడం ఎడంగా నిలబెట్టింది. బొడ్రాయి వదిలితే అరిష్టమని వాళ్ళు గొణిగితే, నూకాలు ఆ రాతి పసుపే తలా చిటికెడు చేతిలో పెట్టింది.

నలుగురు పాత గుంటకే చేరారు. నలుగురు వేరే గుంటలు చేరారు, తవ్వితే ఒట్టి తడిమన్ను. తూర్పు కొసనున్నవాడు దిగాడు, దిగాడు, దిగుతూనే ఉన్నాడు. ఆగినచోట మొలలోతు తవ్వేసరికి చల్లని జల!

కబురందిన నాలుగో రోజు పైడయ్య వచ్చాడు. నూకాలు కడవెడు నీళ్ళు అతని కాళ్ళ మీద పోసింది. ఇంకో కడవ పోసింది. చాల్లేవే అంటున్నా పోస్తూనే ఉంది.

ఒకే గుమ్మంలోంచి ఎన్నిసార్లు బయల్దేరినా అదే వీధి తగులుతుందర్రా. కథ కంచి దారి పట్టింది, మీరిక దుప్పట్ల దారి పట్టండి.